గట్టు మీది చెట్టు ఎవరి వాటాకు?

ఇంటి పెద్దాయన కాలం చేస్తే మన పల్లెల్లో అన్నీ ఒక వరస ప్రకారం జరిగిపోతాయి. చిన్నదినం, పెద్దదినం, ఊరందరికీ భోజనాలు, బస్సు ఆగే చోట ఆయన ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ. పెద్దదినం మర్నాడు చుట్టాలు ఇంకా బస్సెక్కక ముందే పంపకాల మాట వస్తుంది. పొలం ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, బర్రెలు ఎన్ని, బోరు ఎవరి వాటాకు వస్తుంది, మోటారు ఎవరికి, బ్యాంకులో బాకీ ఎంత. అన్నీ కాగితం మీద రాసుకుంటాం. అందులో తప్పేమీ లేదు, రాసుకోవలసిందే. అయితే ఆ కాగితంలో రెండు ఆస్తులు సరిగ్గా పడవు. ఒకటి ఆయన గట్ల మీద పెంచిన చెట్లు. వాటిని కట్టె కింద లెక్కేస్తాం. రెండోది అరవై ఏళ్లు ఆ నేల మీద తిరిగి ఆయన తెలుసుకున్న సంగతులు. వాటిని అసలు లెక్కే వేయం.

ఈ రెండింటి గురించే ఈ వారం మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని. మా నాయన 2023 మాఘంలో పోయాడు. ఆయన ఎంత మంచివాడో చెప్పడానికి ఈ కాగితం ఖర్చు చేయనక్కర లేదు. ఎవరి తండ్రి వాళ్లకు మంచివాడే. ఆయన పోయాక మా ఇంట్లో ఎదురైనవి మీ ఇంట్లోనూ ఎదురవుతాయి, లేదా ఇప్పటికే ఎదురై ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

ఇంట్లో ఇమడని మనిషి

మా నాయనకు చదువు లేదు. వేలిముద్ర నుంచి సంతకం దాకా వచ్చాడు, అంతే. ఖమ్మం జిల్లాలో మాది వాగు పక్క ఊరు. ఆయనకు ఉన్నది ఐదెకరాలు. మూడెకరాలు చెలక, రెండెకరాలు వాగు వైపు మాగాణి. కంది, పెసర, పత్తి, నీళ్లున్న ఏడాది వరి. ఇంట్లో కూర్చుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. వానాకాలంలో తప్ప ఇంటి చూరు కింద పడుకోగా నేను చూసింది తక్కువ. ఆయన మంచం కల్లంలోనో, బావి దగ్గర వేపచెట్టు కిందనో ఉండేది. వేగుచుక్క పొడిచేసరికి లేచేవాడు. మా అన్న చేతిగడియారం కొనిపెడితే దాన్ని పెట్టెలో భద్రంగా దాచి పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకునేవాడు. చలికాలం రాత్రులు మనవళ్లను, మనవరాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆకాశంలో పిల్లలకోడి చుక్కలు చూపించి, పిల్లలెన్నో లెక్కపెట్టమనేవాడు. ఎవరు ఎక్కువ చెబితే వాళ్లకు మర్నాడు రేగుపండ్లలో పెద్ద దోసిలి. పిల్లలు లెక్క పెంచి చెప్పేవాళ్లని ఆయనకూ తెలుసు.

చెలక దున్నేటప్పుడు తీతువు పిట్ట గుడ్లు కనిపిస్తే అరక పక్కకు తిప్పేవాడు. మీరూ చూసే ఉంటారు. ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు, ఉత్త నేల మీదనే, రాళ్లలో రాళ్లలాగా కనపడే గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికి పోతే గుండెలు పగిలేలా అరుస్తుంది. తర్వాత రోజుల్లో అరక పోయి ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరువాడికి గంటల లెక్క కాబట్టి వాడు విసుక్కునేవాడు. మా నాయన అక్కడొక కంప గుచ్చి, "ఆ కాస్త వదిలెయ్యి నాయనా, నీ గంటలో ఏం తగ్గించుకోను" అనేవాడు. మంచం పట్టేటంత నేల ఒక్క ఏడాది దున్నకపోతే పోయేదేముందని ఆయన వాదన. దానికి జవాబు నాకైతే ఇప్పటికీ దొరకలేదు.

పత్తి చేలో ఎండుకొమ్మలు పాతేవాడు, పసులపోలిగాడు వాలడానికి. ఎకరానికి పది నుంచి ఇరవై దాకా పక్షి స్థావరాలు పెట్టండి, పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకు తింటాయి అని వ్యవసాయ శాఖ వాళ్లు సస్యరక్షణ శిక్షణలో చెప్పినప్పుడు, "ఇది కూడా చెప్పాల్నా?" అని ఆశ్చర్యపోయాడు. జెర్రిపోతును కొట్టనిచ్చేవాడు కాదు. అది విషం లేని పాము, ఎలుకల్ని తింటుంది, దాన్ని చంపి మళ్లీ ఎలుకల మందు కొనుక్కోవడం ఏం తెలివి అనేవాడు.

ఇదంతా చెప్పి ఆయనను రుషిని చేయదలచుకోలేదు. బీడీ మానమంటే మానలేదు. పురుగుమందు డబ్బా మీద రాసింది చదవలేడు కాబట్టి దుకాణంవాడు ఎంత కలపమంటే అంత కలిపి కొట్టేవాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలితేనే ఆ ఏడాది వానలని పంతం పట్టేవాడు. పగిలిన ఏడాది కూడా వానలు ముఖం చాటేయడం మేమంతా చూశాం. కార్తెల లెక్క పనికిమాలినదని నేననను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి 27 కార్తెలు. సూర్యుణ్ని పట్టుకుని వేసిన లెక్క కాబట్టి తేదీలు పెద్దగా మారవు. మృగశిర ఏ ఏడాదైనా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. కాని వాన ఆ తేదీ చూసుకుని రాదు కదా.

అందుకని నేను ఆయన కార్తెల కన్నా ఆయన చేతిని ఎక్కువ నమ్మాను. తొలకరి జల్లు పడగానే ఊరంతా పత్తి గింజలు పెడుతుంటే ఈయన మాత్రం గడ్డపార తీసుకుని చెలకలోకి పోయేవాడు. నాలుగు చోట్ల చిన్న గుంటలు తీసి, చెయ్యి పెట్టి చూసేవాడు. జానెడు లోతు తడి దిగితే విత్తనం. లేదంటే ఇంటికి. వర్షాధారపు పత్తిని 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తుకోవాలని శాస్త్రవేత్తలు చెబుతారు. వాళ్లు కొలపాత్రతో కొలిచి చెప్పేది, ఈయన చేత్తో తడిమి చెప్పేవాడు. గింజలు మాడిపోయి రెండోసారి ప్యాకెట్లు కొన్న రైతుకు ఆ జానెడు విలువ ఎంతో వేరే చెప్పాలా?

ఎండింది కొమ్మ, చెట్టు కాదు

2021 వానాకాలం చివర్లో వేపచెట్లకు వచ్చిన తెగులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడినట్టు ఎండుకుంటూ వచ్చాయి. చూడటానికి నిప్పు అంటించినట్టే ఉంది. అరిష్టమన్నవాళ్లు అన్నారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే కొమ్మఎండు తెగులని, దానికి తోడు టీ దోమ రసం పీలుస్తోందని శాస్త్రవేత్తలు చెప్పారు. మా బావి దగ్గరి చెట్టు పూర్తిగా ఎండినట్టే కనిపించింది. ఎండినప్పుడే కొట్టేస్తే కట్టె పనికొస్తుంది, పురుగు పడితే అదీ ఉండదని మా అన్న. మా నాయన మొదట్లో బెరడు గోటితో గీకి చూశాడు. లోపల పచ్చగా ఉంది. "ఎండింది కొమ్మరా, చెట్టు కాదు. ఉగాది దాకా ఆగండి. తొందరపడమాకండి" అన్నాడు.

2022 ఉగాది నాటికి ఆ చెట్టు చిగురేసింది. పచ్చడిలోకి పువ్వు మాత్రం ఆ ఏడాది పక్క ఊరి నుంచి తెచ్చుకున్నాం. ఆగకుండా కొట్టేసినవాళ్ల బావుల దగ్గర ఇప్పుడు నీడ లేదు. అది ఒక్కటే కాదు, జూన్, జూలైలో రాలే వేపపండ్లు కూడా లేవు. చిన్న రైతుకు ఆ పండ్లు ఏమిటో చెబుతాను. గుజ్జు కడిగేసి గింజ నీడలో ఆరబెట్టి దాచుకుంటే పత్తికి, మిరపకు, కూరగాయలకు కషాయం తయారవుతుంది. ఐదు కిలోల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడపోసి, వంద గ్రాముల సబ్బుపొడి కలిపి, వంద లీటర్ల నీళ్లకు చేయాలి. ఎకరానికి రెండువందల లీటర్లు, అంటే పది కిలోల పప్పు. పైరు తొలిదశలో రసం పీల్చే పురుగులకు, ఆకులు తినే పురుగుల గుడ్లకు, పిల్ల పురుగులకు పనిచేస్తుంది. ముదిరిన పురుగును చంపుతుందని నేను చెప్పను. అయినా ఒక మందు కొట్టే ఖర్చు తప్పుతుంది, అదీ మన గట్టు మీది సరుకుతో.

వాగు సంగతి మనవడు చెప్పాడు

ఇక రెండో ఆస్తికి వస్తాను. ఆయన పోయిన మరుసటి ఎండాకాలం, అంటే 2024 వేసవిలో, వాగు పక్క మాగాణికి కొత్త మోటారు బిగించుకుంటున్నాం. పాతదాని కన్నా కిందికి, నీళ్లకు దగ్గరగా పెడితే పైపు కలిసొస్తుందని మా ఆలోచన. మా తమ్ముడి కొడుకు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, పక్కన నిలబడి, "తాతయ్య ఇక్కడ పెట్టొద్దన్నాడు" అన్నాడు. ఎప్పుడన్నాడురా అంటే, "తాతయ్య చిన్నప్పుడు నీళ్లు ఆ తాడిచెట్టు మొదటి దాకా వచ్చినయంట. మోటారయినా, పాకయినా ఆ చెట్టుకు పైనే ఉండాలన్నాడు" అని చెప్పాడు. తాడిచెట్టు వాగుకు చాలా ఎగువన ఉంది. అక్కడిదాకా నీళ్లు రావడం మాలో ఎవరమూ చూడలేదు. అయినా చనిపోయిన మనిషి మాట, మనవడి నోట వచ్చింది. కాదనబుద్ధి కాలేదు. పైపు ఖర్చు భరించి మోటారు, స్టార్టరు డబ్బా రెండూ చెట్టుకు పైన పెట్టుకున్నాం.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం పట్టణంలో ఇళ్లను ముంచిన సంగతి మీకందరికీ తెలుసు. మా వాగు మున్నేరంతది కాదు. కాని ఆ రోజు దానికీ పూనకం వచ్చింది. నీళ్లు సరిగ్గా తాడిచెట్టు మొదలు తడిపి ఆగాయి. మాగాణిలో అరెకరం మీద ఇసుక మేట వేసింది, ఆ పంట పోయింది. మోటారు మాత్రం దక్కింది. వాగు పొడుగునా ఎన్ని మోటార్లు కొట్టుకుపోయాయో, బురదలో కూరుకుపోయి కాలిపోయాయో ఆ వారం మెకానిక్కుల కొట్ల ముందు చూసినవాళ్లకు తెలుసు.

ఆ పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ పాఠంలా చెప్పలేదు. సెలవుల్లో తాత వెంట తిరిగాడు, అంతే. తాత నడుస్తూ మాట్లాడే మనిషి. కూర్చోబెట్టి అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. చెట్టు దగ్గరికి పోతే చెట్టు సంగతి, వాగు దగ్గరికి పోతే వాగు సంగతి గుర్తొచ్చేది. ఇది ఆయన ఒక్కడి గుణం కాదు. బయట బతికిన మనుషులందరికీ జ్ఞాపకాలు ఆ చోటులోనే ఉంటాయి. మంచాన పడ్డాక అడిగితే సగం రాదు.

అందుకని, రైతు సోదరులారా, మీ ఇంట్లో నడవగలిగిన పెద్దవాళ్లుంటే ఒక పూట వాళ్లను వెంటబెట్టుకుని పొలమంతా తిరగండి. హద్దురాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమనండి. సర్వేకు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఆ రాయి ఎక్కడ పూడిపోయిందో చెప్పగల మనిషి ఊళ్లో ఒక్కరో ఇద్దరో ఉంటారు. ఏ మూల చౌడు, ఏ మూల పెంటమట్టి తోలిన పాత దొడ్డి, ఎక్కడ పాత బావి పూడ్చారు, చెరువు తూము నీళ్లు ఏ కాలువలో మన మడికి వచ్చేవి, ఎక్కడ బోరు వేస్తే దుమ్ము లేచింది. ఈ చివరిది మరీ ముఖ్యం. మా చెలక ఈశాన్యం మూల మా నాయన కాలంలోనే ఒక బోరు ఎండిపోయింది. దాని గుర్తు కూడా లేదు. ఆ సంగతి తెలియకపోతే వాస్తు పేరు చెప్పి మళ్లీ అదే మూల మాకు బోరు వేయించేవాళ్లు, అప్పు మాత్రం మా నెత్తిన ఉండేది. కొడుకులకు తీరకపోతే మనవణ్నో మనవరాలినో పంపండి. వాళ్ల చేతిలో ఫోను ఉంటుంది కదా, ఆ పూటకు దాంతోనే తాత మాటలు పట్టుకోమనండి. మన పిల్లలకు ఎండలో తిరగడం తెలియకుండా పోతోందని నిందించే బదులు ఆ పని అప్పగించడం నయం. హాస్టలు నుంచి వచ్చిన పిల్లలు నాలుగు రోజులు ఇంట్లో పడుకుని పోతే తప్పు పిల్లలది కాదు.

కట్టె లెక్క, చెట్టు లెక్క

ఇప్పుడు చెట్ల పంపకం. పెద్దదినమైన నాలుగో రోజే కట్టెల వ్యాపారి మా ఇంటికి వచ్చాడు. వాళ్లకు చావు కబుర్లు మన చుట్టాల కన్నా ముందే అందుతాయి. గట్టు మీది చింతచెట్టుకు పద్దెనిమిది వేలు, మూడు తుమ్మలకు ఆరువేలు అన్నాడు. అమ్మ అంతకు ముందే పోయింది. మేం ముగ్గురన్నదమ్ములం, ఒక చెల్లెలు. కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని 2005 సవరణతో చట్టమే చెప్పింది కాబట్టి, దాని గురించి మా ఇంట్లో తగాదా రాలేదు. మీ ఇంట్లోనూ రానివ్వకండి. ఐదెకరాలు నలుగురికి, తలా ఎకరం పది గుంటలు. 2015-16 కమతాల గణనలో తెలంగాణలో సగటు కమతమే ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలుగా తేలింది. మేం దానికి సగం దగ్గరికి దిగాం. ఇలాంటి ముక్కల్లో గట్టు మీద మానంత చెట్టు ఎందుకని మా తమ్ముడు అన్నాడు. వాడి అవసరం వాడిది, కూతురి ఫీజు కట్టాలి. వాడిని తప్పు పట్టలేం.

దారి చూపింది మా చెల్లెలు. చెట్టు నలుగురిదీ, కాపు మాత్రం నాలుగేళ్లపాటు తమ్ముడిది, ఆ తర్వాత ఏడాదికి ఒకరిది అంది. ఫీజుకు కావలసిన డబ్బు మేం ముగ్గురం తలా కొంత సర్దాం, కాపు డబ్బులోంచి తీర్చే ఒప్పందం మీద. ఇదంతా పారికత్తులో రాయించాం. చెట్టు ఏ వాటాదారు గట్టు మీద ఉన్నా అందరి ఒప్పుదల లేకుండా కొట్టరాదు, నీడ పడే వాటాదారు కింది కొమ్మలు కొట్టుకోవచ్చు, దులపడానికి దారి ఇవ్వాలి. మూడు వాక్యాలు, అంతే. చింత ఒక ఏడాది విరగ్గాసి మరో ఏడాది మందగిస్తుంది. అయినా రెండు మంచి కాపులు వస్తే కట్టెలవాడి బేరం ఏపాటిదో మా తమ్ముడే లెక్కగట్టి చెబుతున్నాడు. విత్తనంతో పెట్టిన చింత కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అంటుమొక్కైనా నాలుగైదేళ్లు. కొట్టడానికి ఒక పూట చాలు.

నీడ పడితే పంట తగ్గదా అని మీరు అడగవచ్చు. తగ్గుతుంది. చింత కింద, పెద్ద వేప కింద కొన్ని గజాల మేర పైరు బక్కగా ఉంటుంది, కాదనేవాడు పొలం చూడనివాడు. ఎకరం ఉన్న రైతు గట్టు చుట్టూ వేపలు పెంచమని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నేనూ లేచి వచ్చేస్తాను. కాని ఉన్న చెట్టును నిలుపుకోవడం వేరు. ఏటా వేసవిలో కింది కొమ్మలు కొట్టి ఎత్తుగా పోనిస్తే నీడ పలచబడుతుంది, కొమ్మలు పొయ్యిలోకి, ఆకు మేకలకు. చలికాలంలో మన వైపు సూర్యుడు దక్షిణం వారగా నడుస్తాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. కాబట్టి కొత్తగా పెట్టేది ఉత్తరపు గట్టు మీద, అటు పక్క డొంకో బాటో ఉంటే మంచిది. అటు పక్క మరో రైతు చేను ఉంటే అతనికి చెప్పి పెట్టండి. చెట్టు వల్ల తగాదా వస్తే చివరికి పోయేది చెట్టే.

ఇంకో మాట. మన పొలంలో చెట్టు మన ఇష్టం అనుకోవద్దు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం, మినహాయించిన కొన్ని జాతులు తప్ప, సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. కట్టెలవాడు "అదంతా నేను చూసుకుంటా" అంటాడు. కేసు వస్తే పట్టాదారు పేరు మీద వస్తుంది, వాడి పేరు మీద కాదు.

మన జిల్లాలోనే, ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలో, ఒక పెద్దాయన ఉండేవాడు. దరిపల్లి రామయ్య. వనజీవి రామయ్య అంటేనే అందరికీ తెలుసు. చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందన్న మాట అట్ట మీద రాసి మెడలో వేసుకుని, గింజలు, మొక్కలు వెంటబెట్టుకుని, భార్య జానమ్మ తోడుగా, బాటల పక్కన, కాలువ గట్ల మీద జీవితమంతా నాటుకుంటూ పోయాడు. కోటికి పైగా నాటాడని చెబుతారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 12న కాలం చేశాడు. ఆ రోజు పెద్దపెద్దవాళ్లు సంతాపాలు చెప్పారు, చెప్పవలసిందే. ఆయన మొక్కలు నాటడం మొదలుపెట్టిన రోజుల్లో జనం పిచ్చివాడన్నారన్నది కూడా ఈ జిల్లాలో అందరూ చెప్పుకునే మాటే. మన ఇళ్లల్లోనూ అలాంటి పిచ్చివాళ్లున్నారు, కోటి కాకపోయినా నాలుగు నాటినవాళ్లు. బతికుండగా "ముసలాయనకు పనిలేదు" అని, పోయాక ఫ్లెక్సీలో పులిలా నిలబెడతాం. ఫ్లెక్సీ రెండు వానలకు చిరుగుతుంది. దినానికి మీరు పెట్టే ఖర్చు తగ్గించుకోమని నేను చెబితే ఊళ్లో మాటపడతారు, నాకు తెలుసు. ఆ ఫ్లెక్సీ డబ్బులు మాత్రం రెండు చింత అంట్లకు, వాటి చుట్టూ కంపకు సరిపోతాయి.

అసలు డబ్బే అక్కరలేని చెట్టు ఒకటుంది. తాడి. ఎకరంలోపు రైతుకు గట్టు మీద పెట్టుకోవడానికి అంతకన్నా అనువైనది నాకు కనిపించలేదు. కొమ్మలు చాపదు, నీడ పరచదు, నీళ్లు అడగదు, గట్టును పట్టి నిలబెడుతుంది. శ్రావణ, భాద్రపదాల్లో పండ్లు రాలతాయి. పండు తిన్నాక టెంకను పారేయకుండా గట్టు మీద జానెడు గుంత తీసి, పది అడుగులకొకటి, అక్కడికక్కడే పాతాలి. ఇంటి దగ్గర మొలిపించి తెచ్చి నాటుదామంటే కుదరదు. తేగ నేలలోకి లోతుగా దిగుతుంది, పీకితే బతకదు. పైన ఆకు కనిపించడానికి నెలలు పడుతుంది కాబట్టి గుర్తుకు ఒక పుల్ల గుచ్చండి, లేకపోతే మీరే తవ్వి పారేస్తారు. మొదటి మూడు, నాలుగేళ్లు మేకల నుంచి కాచుకుంటే చాలు. కాపు తొందరగా వస్తుందని ఆశ పెట్టను. పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పటిదాకా అది పోతుతాడో ఆడతాడో కూడా తేలదు.

వరద తగ్గిన తర్వాత ఆ భాద్రపదంలోనే మా తమ్ముడి కొడుకు తాత చూపించిన తాడిచెట్టు కింద రాలిన పండ్లు ఏరి, పైగట్టు మీద ఏడు టెంకలు పాతాడు. రెండు అడవిపందులు పెళ్లగించాయి. ఐదున్నాయి.